అతుకుల బొంత

పొందిక లేని రచనను ‘అతుకుల బొంత’ అని తీసిపారవేయుట విమర్శకులకు పరిపాటి. ఆ మాట అనువారు బొంత కుట్టుట చూచినట్లు లేదు. చిరిగిన నూలుచీరలను పొరలు పొరలుగా పరచి, జీర్ణించిన చోట మరొక ముక్క చేర్చి, ముడుత పడకుండ అంచు నుండి అంచుకు దగ్గర దగ్గరగా కుట్టు నడుపవలెను; పొందిక చెడినచో నాలుగు ఉతుకులకే లోపలి పొరలు ఉండకట్టును. ఏండ్ల తరబడి ఉతికిన నూలు మెత్తన గనుకనే పసిబిడ్డ పక్కకు కొత్తగుడ్డ కంటె అది మేలు.

వంగదేశపు కాంథా 1929లో జసీముద్దీన్ కావ్యమునకు పేరైనది; తెలుగు బొంతకు దక్కినది తిట్టు! ఇప్పుడు ఇండ్లలో పాతబడునవి పాలియెస్టరు చీరలే ఎక్కువ. అవి చెమట పీల్చవు, సూది కింద జారును. అతుకుల బొమ్మ అచ్చువేసిన దుప్పట్లు మాత్రము బజారులో మంచి ధరకే అమ్ముడగుచున్నవి.