సరిహద్దులు దాటి వచ్చే ఉక్కు – ముందస్తు తనిఖీయే భరోసా

చంద్రగిరి: చంద్రగిరి కోటలోని రాజమహల్‌ను కలప వినియోగించకుండా రాయి, ఇటుక, సున్నంతో నిర్మించిన విషయం విదితమే. అటువంటి నిర్మాణాలలో రాతిని, ఇటుకను పనిస్థలంలోనే పరీక్షించుకునే వీలుండేది. నేటి భారీ నిర్మాణాల తీరు వేరు. ఉక్కు భాగాలు సుదూర కర్మాగారాలలో తయారై, రాష్ట్రాల, దేశాల సరిహద్దులు దాటి పనిస్థలానికి చేరుతున్నాయి.

ఈ విధానం రాష్ట్రానికి కొత్తది కాదు. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 56 స్పాన్లతో నిర్మించిన హేవలాక్ వంతెనకు ఉక్కు గర్డర్లు ఇంగ్లండు నుంచి వచ్చాయి. 1900లో ప్రారంభమైన ఆ వంతెన 1997 వరకు రైళ్లను మోసింది. పోలవరం స్పిల్‌వేలోని 48 రేడియల్ గేట్లను దేశీయంగా తయారు చేయగా, వాటిని ఎత్తి దించే హైడ్రాలిక్ సిలిండర్లను జర్మనీ నుంచి దిగుమతి చేసుకున్నారు. తయారు చేయగలిగినది ఇక్కడ, ప్రత్యేక నైపుణ్యం కోరేది బయట అనే విభజన ఇందులో కనిపిస్తుంది.

కర్మాగారంలో నీడపట్టున, యంత్రాలతో జరిగే కోత, వెల్డింగ్ పనులలో కచ్చితత్వం ఎక్కువ. పునాదులు పూర్తయ్యేలోగా గర్డర్లు సిద్ధమవుతాయి కనుక కాలం కలిసివస్తుంది. అయితే ధర తక్కువన్న ఒక్క కారణంతో నిర్ణయం తీసుకోవడం తగదు. రవాణా, సుంకాలు, మారకపు విలువలలో హెచ్చుతగ్గులు తుది వ్యయాన్ని మారుస్తాయి. అన్నిటికీ మించి, బోల్టు రంధ్రాలు కలవని గర్డరు వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన తరువాత దానిని వెనుకకు పంపడం దాదాపు అసాధ్యం. పనిస్థలంలో హడావుడిగా చేసే సవరణ వంతెన బలాన్నే దెబ్బతీయవచ్చు.

అందువలన తనిఖీ పనిస్థలంలో కాక, కర్మాగారంలోనే ఆరంభం కావలసి ఉంది. ప్రతి పలకకు హీట్ నంబరుతో కూడిన పరీక్షా ధ్రువపత్రం, వెల్డింగ్‌కు అల్ట్రాసోనిక్ లేదా రేడియోగ్రఫీ పరీక్ష, రవాణాకు ముందు భాగాలన్నిటినీ ఒకసారి బిగించి చూడడం తప్పనిసరి. విదేశీ ప్రమాణాలను అనుసరించిన పక్షంలో అవి భారతీయ ప్రమాణాలకు సరిపోతాయో లేదో ఒప్పందానికి ముందే తేల్చుకోవాలి. విడిభాగాలు, మరమ్మతుల బాధ్యతను సైతం ఒప్పందంలోనే పొందుపరచాలి.

చంద్రగిరి మీదుగా సాగే 104 కిలోమీటర్ల తిరుపతి–పాకాల–కాట్పాడి రైలు మార్గం డబ్లింగ్‌కు రూ.1,332 కోట్ల అంచనా వ్యయంతో 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడులను కలిపే ఈ మార్గంలో శ్రీవారి భక్తులు, వేలూరు ఆసుపత్రులకు వెళ్లే రోగులు నిత్యం ప్రయాణిస్తుంటారు. ఇటువంటి మార్గాలలో వాడే ఉక్కు ఎక్కడ తయారైనదన్న దానికన్నా, బయలుదేరే ముందు దానిని ఎవరు, ఎంత నిశితంగా పరిశీలించారన్నదే ప్రయాణికుల భద్రతను నిర్ణయిస్తుంది.