ముళ్లపొద పండు ముదిమికి మందా?

లడఖ్‌లోని సింధు, నుబ్రా లోయలలో ముళ్లపొదలకు కాసే చిన్న నారింజరంగు పండు సీబక్‌థార్న్. స్థానికులు పొలాలకు కంచెగా, వంటచెరకుగా వాడుకునే ఈ పొద పండ్లు నేడు నగరాల దుకాణాలలో రసంగా, నూనెగా, గుళికలుగా దర్శనమిస్తున్నాయి. వీటిని సేవిస్తే వార్ధక్యం దరిచేరదన్న ప్రచారం కూడా జోరుగా సాగుతున్నది. ఇందులోని నిజానిజాలను విచారించడం అవసరం.

పండు గుణవంతమైనదే. ఇందులో సి విటమిన్ నారింజలో కంటే పలురెట్లు అధికం. ఇ విటమిన్, కెరోటిన్లు కూడా ఉన్నాయి. లేలోని రక్షణ పరిశోధన ప్రయోగశాల దీని రసంతో పానీయాన్ని రూపొందించగా, 2023లో లడఖ్ సీబక్‌థార్న్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే పోషక విలువ వేరు, వృద్ధాప్యాన్ని వాయిదా వేసే శక్తి వేరు. ఈ పండు మేలు చేస్తుందనడానికి చూపుతున్న ఆధారాలలో అధికభాగం జీవకణాలపై, ఎలుకలపై జరిగిన ప్రయోగాలే. మనుషులపై జరిగినవి స్వల్పం, అవీ కొద్దికాలానికి పరిమితం. పండులోని సారాన్ని విడదీసి మాత్రగా మింగితే మేలు జరిగి తీరుతుందన్న నమ్మకం గతంలోనూ బెడిసికొట్టింది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేలమందికి పైగా పురుషులపై జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గకపోగా పెరిగినట్లు వాటిలో తేలింది.

2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో అరవై ఏళ్లు దాటినవారు పదికోట్లకు పైబడి ఉన్నారు. వారిలో అనేకులకు పింఛను ఆధారం లేదు. వారి భయాన్ని పెట్టుబడిగా చేసుకునే వ్యాపారాన్ని ఉపేక్షించరాదు. ఆహార పదార్థాల ప్రకటనలలో తప్పుదోవ పట్టించే మాటలను నిషేధిస్తూ 2018లో నిబంధనలు వచ్చాయి. వాటిని కాగితాలకే పరిమితం చేయక కఠినంగా అమలు జరపాలి.

ముళ్లకు చేతులు చీరుకుపోతున్నా పండ్లు కోసే లడఖ్ గ్రామీణులకు న్యాయమైన ధర దక్కడం అంతకంటే ముఖ్యం. ధర గిట్టక, తొందరలో కొమ్మలు విరిచి పండ్లు దులిపితే మరుసటి ఏటి కాపు దెబ్బతింటుంది. ఇసుక నేలను పట్టి ఉంచే పొదలూ నశిస్తాయి.

కొనుగోలుదారులు గుర్తించవలసినది ఒక్కటే. సీబక్‌థార్న్ మంచి ఆహారం, ఔషధం కాదు. ఖరీదైన సీసా కొనలేనివారు చింతించనక్కరలేదు. సి విటమిన్ కోసమే అయితే మన పెరటి ఉసిరి చాలు.