నిలబడ్డ పాదాన్ని కొలవండి

కూర్చున్నప్పటి పాదం వేరు, నిలబడ్డప్పటి పాదం వేరు. ఒంటి బరువు పడగానే అరికాలి వంపు దిగుతుంది. పాదం కొన్ని మిల్లీమీటర్లు సాగి, వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పవుతుంది. సాయంత్రానికి వాపు కూడా తోడవుతుంది. చెప్పుల దుకాణాల్లో మాత్రం స్టూలు మీద కూర్చోబెట్టి, బొటనవేలి దగ్గర నొక్కి చూసి 'సరిపోయింది' అనేస్తున్నారు.

మామూలు మనిషికి బూటు కరిస్తే విప్పేస్తాడు. మధుమేహంతో కాలి స్పర్శ పోయినవాడికి అది కరుస్తున్నట్టే తెలియదు. పైగా వదులుగా ఉన్నది జారిపోతున్నట్టు అనిపించి, బిగుతైనదాన్నే ఎంచుకుంటాడు. ఒత్తిడి పడ్డచోటే పదే పదే పడి పుండవుతుంది, ముదిరితే వేలు తీసేయాల్సి వస్తుంది, ఒక్కోసారి కాలే. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. ఈ ముప్పు మనకు కొత్తగా తెలిసిందీ కాదు. స్పర్శలేని పాదానికి పుండ్లు పడేది రోగంతో మాంసం కుళ్లి కాదని, ఒత్తిడి వల్లనేనని వెల్లూరులో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ దశాబ్దాల కిందటే తేల్చారు. అక్కడ పుట్టిన అవగాహనతోనే మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు వచ్చాయి. అవి ఇప్పటికీ ప్రతి ఊరి దుకాణానికీ చేరలేదు.

సైజుల సంగతి మరీ విడ్డూరం. మనం నేటికీ బ్రిటిష్ నంబర్లనే పట్టుకు వేలాడుతున్నాం. ఒక నంబరు పెరిగితే పొడవు అంగుళంలో మూడోవంతు పెరుగుతుంది. వెడల్పు ఎంతన్నది డబ్బా మీద ఉండనే ఉండదు. వెడల్పు పాదమున్నవాళ్లు గత్యంతరం లేక పొడవాటి జోడు కొంటారు, పాదం లోపల ముందుకూ వెనక్కూ జారి మడమ ఒరుసుకుపోతుంది. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ లక్ష మందికి పైగా పాదాలను కొలిపించి, మన పాదాలు యూరోపియన్ల కంటే వెడల్పని గుర్తించి, 'భ' పేరుతో దేశీయ సైజులను ప్రతిపాదించింది. అచ్చులు మార్చాల్సింది తయారీదారులు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మణిపాల్ వైద్యులు 1992లో ప్రచురించిన 2,300 మంది పిల్లల సర్వేలో, చెప్పులు తొడగనివారిలో 2.8 శాతం మందికి చదును పాదాలుంటే, తొడిగేవారిలో 8.6 శాతం మందికి ఉన్నాయి. వేళ్లు మూసే బూట్లతో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అలాగని పిల్లల్ని ముళ్లలో, ఎండలో వట్టికాళ్లతో నడిపించమనడం లేదు. ఇరుకు బూట్లు మాత్రం వద్దంటున్నాం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇచ్చే కిట్లలో బూట్లూ ఉంటాయి. పిల్లల్ని నిలబెట్టి, రెండు పాదాలనూ కొలిచి, పెద్దదానికి తగ్గ సైజు రాసుకోవాలి. టెండరులో పొడవుతో పాటు వెడల్పూ అడగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చక్కెర పరీక్షకు వచ్చినవారి చెప్పులు విప్పించి, 10 గ్రాముల నైలాన్ పోగుతో స్పర్శ చూడాలి. ఆ పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు.