ఆన్‌సైటు కాదండోయ్, వలంటీరుగా

మొదటిసారి విదేశానికి వలంటీరుగా వెళ్దామని నిర్ణయించుకున్నాను. మారేడ్‌పల్లిలో మా నాన్నగారి మొదటి ప్రశ్న: "జీతం లేకుండానా?" :)

మన దగ్గరే డబ్బులు కట్టించుకుని, రెండు వారాలు అనాథాశ్రమంలో పిల్లల్తో ఆడించి పంపే ట్రిప్పులు నాకు నచ్చవు. కంబోడియాలో అలాంటి ఆశ్రమాల్లో ఉన్న చాలామంది పిల్లలకి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఎప్పుడో చెప్పింది. పర్యాటకులు పెరిగేకొద్దీ ఆశ్రమాలూ పెరిగాయట. గిరాకీ మనమే అన్నమాట!

నేను చూస్తున్నది ఐక్యరాజ్యసమితి వలంటీర్ల కార్యక్రమం. 1970లో పెట్టారు, 1996 నుంచి ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో. అప్లై చెయ్యడానికి ఫీజు లేదు, ఎంపికైతే నెలనెలా బతకడానికి భత్యం ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ పనిచేసే సంస్థ ఫలానా పని తెలిసినవాడు కావాలని అడిగితేనే పోస్టు. డేటాబేసులు నడిపేవాడికీ అప్పుడప్పుడూ పడుతుంటాయి.

"సేవ చెయ్యడానికి సికింద్రాబాద్ స్టేషన్ ముందు జనం లేరా?" అంటారు మావాళ్ళు. అడగాల్సిన ప్రశ్నే. కానీ డాలర్ల కోసం డల్లాస్ వెళ్ళేవాణ్ణి ఎవరూ అడగరేం?

ఏడాది సెలవు కుదరదని ఆఫీసులో చెప్పేశారు, కాబట్టి ఉద్యోగం వదలాలి. ఇంటి లోను ఇంకా ఉంది. ఏడాది ఈఎంఐలు పక్కన పెట్టాక అప్లై చేస్తాను.