కొలత చెబితే చాలదు, కారణం చెప్పాలి

మాదాపూర్‌లో డిజైన్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఫ్రెషర్లను నేను తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటాను. 'మన శంషాబాద్‌లో రోజూ దిగే ఎయిర్‌బస్ ఏ320 పొడవు దాదాపు 37.6 మీటర్లు. అందులో 180 మంది పడతారు. కాంకార్డ్ పొడవు దాదాపు 62 మీటర్లు. అయినా సుమారు వంద మందికే చోటు. ఎందుకని?' చాలామంది మౌనంగా ఉండిపోతారు. రెజ్యూమెలో మాత్రం కాటియా, యాన్సిస్, సాలిడ్‌వర్క్స్ అన్నీ ఉంటాయి!

జవాబు మరీ కష్టమేం కాదు. ధ్వని వేగాన్ని దాటిన విమానానికి దారివ్వడానికి ముందున్న గాలికి వ్యవధి దొరకదు. షాక్‌వేవ్‌లు పుడతాయి, డ్రాగ్ బాగా పెరుగుతుంది. దాన్ని తగ్గించాలంటే విమానం పొడవుగా, సన్నగా ఉండాలి. అందుకే కాంకార్డ్ క్యాబిన్ వెడల్పు 2.6 మీటర్లే. నడవాకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కూర్చునేవారు. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 25.6 మీటర్లు, అంటే ఏ320 కన్నా తక్కువ. ఆ డెల్టా రెక్క మాక్ 2 దగ్గర చక్కగా పనిచేస్తుంది. కానీ నెమ్మదిగా దిగేటప్పుడు ముక్కు బాగా పైకెత్తాలి. అప్పుడు పైలట్‌కు రన్‌వే కనపడదు. దాంతో ముక్కునే కిందికి వంచే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. చూశారా, ఒక నిర్ణయం ఇంకో మూడింటిని ఎలా లాక్కొచ్చిందో! సీట్లు తక్కువ, ఇంధనం ఎక్కువ కాబట్టి టికెట్ ధరా ఆకాశంలోనే ఉండేది. 1976లో ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టిన కాంకార్డ్ 2003లో ఆగిపోయింది.

ఇది పాత కథే అనుకోకండి. సోనిక్ బూమ్ మోతను తగ్గించడానికి నాసా చేసిన ఎక్స్-59 తొలిసారి 2025 అక్టోబరులో ఎగిరింది. పొడవు సుమారు 30 మీటర్లు. అందులో మూడో వంతు దాకా ముక్కే! పైలట్‌కు ఎదురుగా కిటికీ ఉండదు, కెమెరా, స్క్రీన్ ఉంటాయి. కాంకార్డ్ ముక్కును వంచింది, ఇది కిటికీనే తీసేసింది. సమస్య ఒక్కటే, కాలాన్ని బట్టి జవాబు మారింది.

'కోర్ ఉద్యోగాలు ఎక్కడున్నాయి సార్?' అని మెకానికల్ విద్యార్థులు అడుగుతుంటారు. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలైన సయెంట్ లాంటి సంస్థలు విమానరంగ ఇంజినీరింగ్ పనిని హైదరాబాద్‌కు ఎప్పుడో తెచ్చాయి. అయితే చాలామందికి మొదట దక్కేది డ్రాయింగుల్లో మార్పులు, డాక్యుమెంటేషన్. టూల్ మాత్రమే తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోవడం నేను చూశాను. 'ఈ మందం ఎందుకు?' అని అడిగినవాళ్లు డిజైన్ రివ్యూల్లోకి వచ్చారు.

అమీర్‌పేటలో ఫీజు కట్టి మూడు నెలల కోర్సు చేసినవాళ్లను నేను తప్పుపట్టను. ఉద్యోగ ప్రకటనల్లో టూల్ పేర్లు వరసపెట్టి రాసేది మేమే కదా! కంపెనీలూ ఆ అలవాటు మార్చుకోవాలి.

మీరు మాత్రం అందాకా ఆగొద్దు. ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకోండి. సెంటీమీటరుకు రెండున్నర మీటర్ల లెక్కన ఏ320, కాంకార్డ్ బొమ్మలు పక్కపక్కన గీయండి. ఒకటి 15 సెంటీమీటర్లు, రెండోది దాదాపు 25 వస్తుంది. ప్రతి కొలత పక్కనా 'ఎందుకు' అని ఒక్క వాక్యం రాయండి. ఇంటర్వ్యూకు వచ్చేటప్పుడు సర్టిఫికెట్లతో పాటు ఆ కాగితమూ తెచ్చుకోండి. నేనైతే ముందు దాన్నే చూస్తాను.