అరవై ఏళ్ళ సీరియల్‌ని ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

ఇంగ్లండులో కూతురి దగ్గరో కొడుకు దగ్గరో ఆరు నెలలుండి రావడానికి వెళ్ళే అమ్మమ్మలకీ నాయనమ్మలకీ ఒక ఇబ్బంది ఎదురవుతూంటుంది. చలి సంగతీ, పెట్టెలో ఊరగాయల బరువు సంగతీ కాదు నేను చెప్పేది. అవి అందరూ చెబుతారు. తొమ్మిదేళ్ళ మనవడు బడినించి వచ్చి, సోఫాలో కూలబడి టి.వి. పెడతాడు. తెరమీద నీలంరంగు పెట్టె ఒకటి గిరగిరా తిరుగుతూ చుక్కల మధ్య ఎగురుతూంటుంది. "ఏమిట్రా అది?" అంటే "డాక్టర్ హూ" అంటాడు. "ఏ జబ్బుకి డాక్టరు?" అని అడిగితే పకపకా నవ్వి, "నీకు అర్థం కాదులే అమ్మమ్మా, ఇది ఎప్పుడో మొదలైంది" అంటాడు. వాడు ఊరికే అన్నమాటే. కానీ ఆ మాటకి మీరు మెల్లిగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు.

వెళ్ళకండి. అక్కడే కూర్చోండి. పరాయిదేశంలో పెరిగే మనవలకీ మనకీ కలిపి మాట్లాడుకునే సంగతులు ఎన్నో ఉండవు. మన కథలు వాళ్ళకి చెబుతాం, బాగానే వుంది. వాళ్ళ కథ మనం వినొద్దూ? వాడన్నట్టు ఇది ఎప్పుడో మొదలైన మాట నిజమే. అందుకని కొత్తవాళ్ళకి అర్థం కాదన్నది మాత్రం నిజం కాదు. కొత్తవాళ్ళు ఎప్పుడొచ్చినా కూర్చోవడానికి పీట వేసి వుంచడమే ఈ సీరియల్ ఇన్నాళ్ళు బతకడానికి ఒక కారణం.

'డాక్టర్ హూ' బి.బి.సి. వారి సైన్సు కథల సీరియల్. 1963 నవంబరు 23, శనివారం సాయంత్రం మొదటి భాగం ప్రసారమైంది. ముందురోజే అమెరికాలో కెనెడీ హత్య జరిగింది. జనం ధ్యాసంతా దానిమీదే వుంది. అందుకని మరుసటి శనివారం మొదటి భాగాన్నే మళ్ళీ వేసి, దాని వెనకే రెండోది వేశారు. అలా మొదలైంది 1989 దాకా సాగింది. తర్వాత ఆపేశారు. 1996లో ఒక టి.వి. సినిమా తీసి వూరుకున్నారు. 2005 మార్చి 26న మళ్ళీ మొదలుపెట్టారు. అన్నీ కలిపి 800కి పైగా భాగాలు! మొదటినించీ వరసగా చూస్తేగాని కుదరదనే పట్టుదల మీకుంటే, అది తీరేది కూడా కాదు. ఆ రోజుల్లో టేపులు ఖరీదు. ఒకసారి వేసిన కార్యక్రమం చెరిపేసి దానిమీదే ఇంకోటి రికార్డు చేసుకునేవారు. ఆ లెక్కలో మొదటి ఆరేళ్ళ కథల్లో 90కి పైగా భాగాల బొమ్మ బి.బి.సి. దగ్గరే లేకుండా పోయింది. కాబట్టి "అన్నీ చూశావా?" అని ఎవరైనా మిమ్మల్ని చిన్నబుచ్చబోతే, "మీరు చూశారా?" అని అడగండి.

కథ ఏమిటంటారా? డాక్టరు అనే ఆయన మన భూమివాడు కాడు. వందల ఏళ్ళ వయసు. అసలు పేరు చెప్పడు, అందుకే ఆ 'హూ'. ఆయన వాహనం పేరు టార్డిస్. అది కాలంలో వెనక్కీ ముందుకీ పోతుంది. ఇదివరకు ఇంగ్లండు వీధుల్లో పోలీసులకి ఫోన్ చేయడానికి మనిషి పట్టేపాటి నీలంరంగు పెట్టెలుండేవి. టార్డిస్ బయటికి అచ్చం అలా వుంటుంది. లోపలికి వెళితే మాత్రం పెద్ద హాలు. పై ఎత్తున ఇంతే. దీనికన్నా ఎక్కువ తెలియకుండానే మీరు నిశ్చింతగా చూడటం మొదలుపెట్టొచ్చు.

మన సీరియల్స్‌లో నటి మానేస్తే "ఇకనించి ఫలానా పాత్రలో ఫలానా" అని ఒక అట్ట చూపించి, మర్నాటినించి కొత్త మొహంతో కథ నడిపించేస్తారు చూడండి. వీళ్ళకీ ఆ చిక్కు వచ్చింది. మొదటి డాక్టరు విలియం హార్ట్‌నెల్‌కి ఆరోగ్యం పాడై 1966లో తప్పుకోవలసి వచ్చింది. అప్పుడు వాళ్ళు అట్ట చూపించలేదు. డాక్టరు జాతివాళ్ళకి చావు దగ్గరపడితే ఒళ్ళంతా మారి కొత్తమనిషి అవుతారని కథలోనే పెట్టేశారు. మొహం మారుతుంది, స్వభావం మారుతుంది, పాత జ్ఞాపకాలుంటాయి. దశావతారాలు వింటూ పెరిగిన మనకి ఇది మింగుడుపడనిదేమీ కాదు. 2017 క్రిస్మస్‌నాటి కథ చివర డాక్టరు ఆడమనిషిగా కూడా మారాడు. ఆ నటి జోడీ విటేకర్. మనకి ఉపయోగపడే సంగతేమిటంటే, డాక్టరు మారిన ప్రతిసారీ పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ కథ ఒకచోటే మొదలవుతుంది. అదే మనం లోపలికి వెళ్ళే గుమ్మం.

ఇంకో సౌకర్యం వుంది. డాక్టరు వెంట ఎప్పుడూ మనలాంటి మామూలు మనిషి ఒకరుంటారు. 1963లో ఇద్దరు పంతుళ్ళు. తమ క్లాసులో పిల్ల ధోరణి వింతగా వుందని వెనకాలే వెళ్ళి ఆ పెట్టెలో అడుగుపెడతారు. "ఇదేమిటి? అదెలా?" అని మనకి రావలసిన ప్రశ్నలన్నీ వాళ్ళే అడుగుతారు. ఆ పాత్ర వున్నదే కొత్తగా చూసేవారి కోసం. మీకు ఏమీ తెలియకపోవడాన్ని లెక్కలోకి తీసుకునే కథ రాశారన్నమాట.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే 2005 కథల్లో మొదటిది, 'రోజ్'. అలారం మోతకి లేచి, బట్టల కొట్టులో ఉద్యోగానికి పరుగెత్తే పందొమ్మిదేళ్ళ పిల్ల రోజ్. తండ్రి లేడు. తల్లి జాకీ, ఇద్దరూ లండన్‌లో చిన్న ఫ్లాట్‌లో వుంటారు. ఒక రాత్రి ఆ కొట్టులో బట్టలు తొడిగే బొమ్మలు లేచి నడవడం మొదలెడతాయి, డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని "పరుగెత్తు" అంటాడు. ఇందులో ఒక చెత్తడబ్బా మనిషిని మింగి త్రేనుస్తుంది. అక్కడ మీకు "ఇదేం సోద్యం" అనిపించి లేచిపోవాలనిపిస్తుంది. ఓర్చుకోండి. చవకబారు బొమ్మలూ, గొంతుకి అడ్డంపడే సన్నివేశాలూ ఒకే భాగంలో వుండటం దీనికి పుట్టుకతో వచ్చిన లక్షణం.

గొంతుకి అడ్డంపడేది నాలుగో భాగంలో వస్తుంది. డాక్టరుతో తిరిగి తిరిగి రోజ్ ఇంటికొస్తుంది. మనం వెళ్ళి పన్నెండు గంటలైందంతే అంటాడు డాక్టరు. తలుపు తీసుకుని లోపలికి వెళితే తల్లి చేతిలో కప్పు జారిపోతుంది. డాక్టరు లెక్క తప్పింది. పన్నెండు గంటలు కాదు, పన్నెండు నెలలు! ఆ ఏడాదంతా జాకీ కూతురు కనబడటం లేదని ఫొటో వేసిన కాగితాలు పంచుతూనే వుంది. పోలీసులు రోజ్ స్నేహితుణ్ణి అనుమానించి పిలిపించి ప్రశ్నలు వేశారు. చుక్కలన్నీ తిరిగొచ్చిన ఆ మహానుభావుడి చెంప జాకీ ఛెళ్ళుమనిపిస్తుంది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా డాక్టరు వెంట ఎంతోమంది పిల్లలు వెళ్ళారు. ఇంటిదగ్గర వాళ్ళ అమ్మ ఏమైపోతుందన్న ఊసు పెద్దగా రాలేదు. కథ తిరిగి మొదలుపెట్టిన రస్సెల్ టి. డేవీస్ ఆ ఊసు ఎత్తాడు. సైన్సు కథ మగపిల్లల యంత్రాల గోల అనుకునేవాళ్ళు ఈ ఒక్క భాగం చూస్తే చాలు. ఇందులోనే పచ్చటి రాక్షసులు అపానవాయువులు వదులుతూ కూడా కనిపిస్తారు. పిల్లలు విరగబడి నవ్వుతారు. మీరు ఆ కాసేపూ పొయ్యిమీది పప్పు చూసుకుని రావచ్చు.

ఆ ఏడాది క్రిస్మస్ కథలో కొత్త డాక్టరుగా డేవిడ్ టెనెంట్ వస్తాడు. కొత్త ఒళ్ళు ఇంకా కుదురుకోక, పైజమా వేసుకుని కథ చాలాభాగం జాకీ ఇంట్లో పడి నిద్రపోతూనే వుంటాడు. భూమికి ప్రమాదం ముంచుకొస్తుంది. ఆయన్ని చివరికి లేపింది ఏమిటో తెలుసా? జాకీ ఫ్లాస్కులో పోసి తెచ్చిన టీ! అది ఒలికి, ఆవిరి తగిలేసరికి లేచి కూర్చుంటాడు. ఇది రాసినవాడికి ఇల్లు నడిపేవాళ్ళంటే గౌరవం వుందని నాకు అనిపించింది.

2005నాటి మొహాలు పాతబడ్డాయని మీ మనవలంటే, 2010 కథల్లో మొదటిది పెట్టమనండి. ఏడేళ్ళ పిల్ల అమీలియా పెద్ద ఇంట్లో రాత్రిపూట ఒక్కతే వుంటుంది. గదిగోడలో ఒక పగులు, అందులోంచి ఏవో గొంతులు. ఇంతలో తోటలో టార్డిస్ కూలుతుంది. కొత్త మొహంతో డాక్టరు బయటికొచ్చి "ఆకలి" అంటాడు. ఆ పిల్ల యాపిలు పెడుతుంది, పెరుగు పెడుతుంది, మాంసం వేయించి పెడుతుంది, చిక్కుళ్ళు పెడుతుంది, రొట్టెకి వెన్న రాసి పెడుతుంది. అన్నీ నోట్లో పెట్టుకుని వూసేస్తాడు. చివరికి చేపముక్కల వేపుడు కస్టర్డులో ముంచుకుని హాయిగా తింటాడు. (ఈ వంటకం పాళ్ళు మాత్రం వంటల పేజీకి ఉత్తరాలు రాసి అడక్కండి.) తిని, అయిదు నిమిషాల్లో వస్తానని వెళతాడు. పిల్ల పెట్టె సర్దుకుని తోటలో కూర్చుంటుంది. ఆయన తిరిగొచ్చేసరికి పన్నెండేళ్ళవుతుంది. ఆ ఏడేళ్ళ పిల్ల పెట్టెమీద కూర్చున్న దృశ్యం మర్చిపోవడం నా వల్ల కాలేదు.

ఇక విడిగా చూడదగ్గవి. వెనకా ముందూ ఏమీ తెలియక్కర్లేదు. 2007లో వచ్చిన 'బ్లింక్'లో డాక్టరు కనిపించేదే తక్కువ. మనం రెప్ప వేస్తే రాతి విగ్రహాలు కదిలి దగ్గరకొస్తాయి. ఇది చిన్నపిల్లలకి వద్దు, రాత్రి మీ పక్కలోకి వచ్చి పడుకుంటారు. 2010లోనే చిత్రకారుడు వాన్‌గో మీద ఒక కథ వుంది, చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. 2018లో విటేకర్ డాక్టరుగా వున్నప్పటి కథ ఒకటి మన దేశవిభజన గురించి, రాసింది వినయ్ పటేల్. షెఫీల్డులో పెరిగిన యాస్మిన్ అనే అమ్మాయికి అమ్మమ్మ పడుచుతనం చూడాలనిపిస్తుంది. డాక్టరుతో కలిసి 1947 ఆగస్టు పంజాబుకి వెళుతుంది. అక్కడ చూస్తే, ముస్లిం అయిన అమ్మమ్మ ఒక హిందువుని పెళ్ళాడబోతూ వుంటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పని పెళ్ళి! సరిహద్దు గీత వాళ్ళ పొలం మధ్యనించే పోతుంది. ఇది మనవలతో కలిసి చూడండి. చూశాక వాళ్ళు మిమ్మల్ని "నీ చిన్నప్పుడు ఎలా వుండేది?" అని అడగకమానరు.

మనవైపు బంధుత్వం అంతకన్నా పాతది. 1963లో మొట్టమొదటి కథకి దర్శకుడు వారిస్ హుసేన్, 1938లో లక్నోలో పుట్టినవాడు. ఆయన తల్లి ఇంగ్లీషులో నవల రాసిన అతియా హుసేన్. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే అమ్మాయి. పని చేపట్టినప్పుడు 27 ఏళ్ళు, మగవాళ్ళతో నిండిన ఆ శాఖలో అందరికన్నా చిన్న నిర్మాత. రాక్షసుల్లాంటివేమీ పెట్టొద్దని పైఅధికారి ముందే హెచ్చరించాడు. రెండో కథకే ఆమె డాలెక్‌లని పెట్టింది. బోర్లించిన మిరియాలడబ్బాల్లా నేలమీద జారుతూ తిరిగే ఆ లోహపు జీవాలతోనే సీరియల్ నిలబడింది. ఆ వింత సంగీతం కట్టింది రాన్ గ్రైనర్ అయినా, టేపుముక్కలు అతికించి అతికించి ఆ ధ్వనికి రూపమిచ్చింది డీలియా డెర్బీషైర్. ఆమె పేరు చాలాకాలం తెరమీద వేయలేదు. ఈ గొడవంతా 2013లో టి.వి. సినిమాగా తీశారు, 'యాన్ అడ్వంచర్ ఇన్ స్పేస్ అండ్ టైమ్'. అసలు సీరియల్ ఒక్క భాగం చూడనివాళ్ళకి కూడా బావుంటుంది.

చిన్న జాగ్రత్తలు. 'మొదటి సీజన్' అని చూసి మోసపోకండి. 1963వి మొదటి సీజన్, 2005వీ మొదటివే, 2024లో మళ్ళీ ఒకటి నించి లెక్క మొదలెట్టారు! అంకె కాకుండా సంవత్సరం చూడండి. మాటలు గబగబా దొర్లిపోతాయి, ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి కూడా అందవు. తెర అడుగున అక్షరాలు వచ్చేట్టు పెట్టమనండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఇంగ్లండులో ఇవి బి.బి.సి. ఐప్లేయర్‌లో దొరుకుతాయి, దానికి ఆ ఇంటికి టి.వి. లైసెన్సు వుండాలి. మన దగ్గర ఎక్కడ దొరికేదీ తరచు మారుతుంటుంది, ఇంట్లో పిల్లల్ని వెతికిపెట్టమనండి. రోజుకి ఒకటే చూడండి. ముప్పావుగంట కాలక్షేపానికి ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.

కొత్తవి రుచి తెలిశాక పాతవాటిలో ఒకటి చూడాలనుకుంటే, 1964లో వచ్చిన 'ది ఆజ్టెక్స్' చూడండి. నలుపు తెలుపుల్లో, ఒక్కోటి 25 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. చరిత్ర పాఠం చెప్పే ఆ పంతులమ్మ బార్బరాని మెక్సికోలో జనం దేవత అనుకుని పీఠమెక్కిస్తారు. దేవతనయ్యాను గనక నరబలి మాన్పిస్తానని ఆమె పంతం పడుతుంది. చరిత్రలో ఒక్క గీత కూడా మార్చకూడదని డాక్టరు కోప్పడతాడు. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గిందో నేను చెప్పను. నాలుగూ ఒకేసారి చూసేయకండి, అప్పట్లో వాళ్ళు చూసినట్టు వారానికొకటి చూస్తేనే బావుంటుంది.