దూరవిద్యయు ఆంగ్లభాషణమును

1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినప్పుడు దేశమున అట్టి సంస్థ మఱియొకటి లేదు. 1991 నుండి డాక్టరు అంబేద్కరు పేర వ్యవహరింపబడుచున్న ఈ విద్యాలయము, సేద్యమునందును అంగళ్లయందును చిక్కువడినవారికిని, పెండ్లితో బడి మానిన స్త్రీలకును పట్టము నందుకొను త్రోవ చూపినది. ఆ యుపకారమును మేము తక్కువ చేయువారము కాము. అయితే ఆ పట్టము చేతబట్టుకొని కొలువునకై పోయిన యువకుడు, ఎదుట కూర్చున్న యధికారి ఇంగ్లీషున "మీ సంగతి చెప్పుడు" అనగనే నోరు పెగలక నిలిచిపోయినచో, లోపము వానిదేనా?

వినుటయు మాటాడుటయు పుస్తకమువలన నలవడు విద్యలు కావు. మన పలుకులు చాలవఱకు అజంతములు. కనుకనే బస్ అన్నది మన నోట బస్సు, కార్ అన్నది కారు అయినవి. ఇంగ్లీషువారో, మాటయందొక యక్షరమును ఊది పలికి తక్కినవానిని సగము మ్రింగుదురు. ఫొటోగ్రాఫ్ అనునపుడు మొదటి యక్షరముపై నుండు ఊనిక ఫొటోగ్రాఫర్ అనగనే రెండవదానికి జరుగును. ఇది కంటికి గానరాదు.

వినిపించుటకు సాధనములు కొఱవడలేదు. బి. బి. సి. వారు 1943లోనే రేడియోలో ఇంగ్లీషు పాఠములు మొదలిడిరి. మన దేశమున 2001లో జ్ఞానవాణి రేడియోయు, 2004లో విద్యకొఱకే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహమును వచ్చినవి. నేడు సెల్‌ఫోను పల్లెపల్లెకు చేరినది. కాని రేడియో వినిపించునేగాని వినిపించుకొనదు, తప్పు దిద్దదు.

ఇచ్చటనే చిక్కున్నది. అచ్చువేసిన పాఠ మొక్కటి వేయిమందికి చాలును. దూరవిద్య చౌక యగుటకు కారణ మదియే. సంభాషణకో, పదిమందికొక యుపాధ్యాయుడు కావలెను. వ్యయమగునని అధికారు లందురు. అగును. అయినను మాటాడుట నేర్పుదుమని పాఠ్యప్రణాళికలో వ్రాసి, కాగితముమీదనే పరీక్షించుట విద్యార్థిని వంచించుట గాదా? నోటికి మార్కులు లేనంతకాలము నోరు తెఱచువా డుండడు.

ఉచ్చారణలో దొరలను అనుకరింప మేము కోరుట లేదు. ఎదుటివానికి తెలియునట్లు పలికిన చాలును. తెలుగున విశదపఱచి ఇంగ్లీషున పలికించుటయు దోషము కాదు. ప్రతి పట్టణమునను ఉద్యోగవిరమణ మొందిన ఉపాధ్యాయు లున్నారు. వారికి తగు పారితోషిక మిచ్చి, పదేసిమంది విద్యార్థులను జట్లుగా నప్పగించి, వారమున కర్ధగంట ఫోనులో మాటాడింపవలెను. విద్యార్థి తన పలుకును ఫోనుననే ముద్రించి పంపగా వారు దిద్దవలెను. ఇంగ్లీషు మార్కులలో నాల్గవవంతు మౌఖికపరీక్షకు కేటాయింపవలెను. వచ్చు విద్యాసంవత్సరమున ఒక్క జిల్లాయందైనను దీనిని ప్రారంభింపుడని విశ్వవిద్యాలయాధికారులను కోరుచున్నాము.